నడిసంద్రానికి పార్సిల్‌!

డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్‌ తీరం. 2016వ సంవత్సరం ఆరంభం. ఎముకలు కొరికే చలి. ఒడ్డుకు కాస్త దూరంలో ‘మెర్స్క్‌ ఎడ్గర్‌’ అనే చమురు ఓడ ఆగి ఉంది. అందులోని సిబ్బందికి ఓ చిన్న పార్సిల్‌ అందించాలి. మామూలుగా అయితే ఓ పడవను అద్దెకు మాట్లాడి, మనుషుల్నిచ్చి పంపిస్తారు. ఆ రోజు మాత్రం ఆ పనిని ఓ డ్రోన్‌కి అప్పజెప్పారు. ఒడ్డు నుంచే ఎగరేద్దామనుకున్నారుగానీ పొగమంచు పడనివ్వలేదు. చివరికి టగ్‌ బోటు మీంచి లేపారు. డ్రోన్‌ ఓ పావు కిలోమీటరు ఎగిరి, ఓడ డెక్‌కు అయిదు మీటర్ల ఎత్తులో ఆగి, పార్సిల్‌ను కిందికి వదిలింది. విప్పి చూస్తే... బిస్కెట్ల డబ్బా!

ఓ బిస్కెట్ల డబ్బా కోసం ఇంత హడావుడా అని నవ్వొస్తుంది. పంపిన కంపెనీకి మాత్రం అది నవ్వులాట కాదు. దూరంగా లంగరేసిన ఓడకు ఏదైనా పంపాలంటే బార్జీ ఖర్చు ఒక్కసారికి సగటున 1,000 డాలర్లనీ, ఒక్కోచోట 3,000 డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదనీ అప్పట్లో ఆ కంపెనీయే లెక్క చెప్పింది. పంపేది ఓ కవరు కావచ్చు, ఓ మందుల సీసా కావచ్చు. పడవ ఖర్చు మాత్రం మారదు. మూరెడు మల్లెపూల కోసం లారీ మాట్లాడుకున్నట్టన్నమాట!

అన్నట్టు, ఆ డ్రోన్‌ పెళ్లిళ్లలో వీడియోలు తీసే బాపతు కాదు. చమురు ఓడ డెక్‌ మీద మండే ఆవిర్లు ఉంటాయి. మామూలు సెల్‌ఫోన్‌ని కూడా అక్కడికి రానివ్వరు. చిన్న నిప్పురవ్వ చాలు, కొంప మునగడానికి. అందుకని మండే వాయువులున్న చోట కూడా నిప్పురవ్వ పుట్టించదని ధ్రువీకరణ పొందిన డ్రోన్‌నే వాడారు.

ఓడంటే ఓ ఊరు

ఓడ అనగానే మనకు కళ్లముందు కదిలేది రేవులో గోడకు ఆనించి తాళ్లతో కట్టిన దృశ్యమే. నిజానికి ఓడలు రేవు బయట నిలబడి ఎదురుచూసే కాలం తక్కువేం కాదు. వంతు రావాలి, ఇంధనం నింపుకోవాలి, సరుకు కాగితాలు తేలాలి. కొన్నిచోట్ల అసలు లోపలికే రావు. కాకినాడవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. అక్కడి యాంకరేజి పోర్టులో తీరం దగ్గర లోతు చాలక పెద్ద ఓడలు దూరంగానే లంగరేస్తాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద అక్కడిదాకా వెళ్లి ఓడెక్కుతాయి.

సరుకు సంగతి సరే. ఆ ఓడలో మనుషులుంటారు కదా. ఇరవయ్యో పాతికో మంది ఉండే ఓ చిన్న ఊరది. ఊరికి కావలసినవన్నీ దానికీ కావాలి. ఇంజను గదిలో అరచేతిలో పట్టేంత రబ్బరు రింగు ఒకటి పాడైతే ఓ యంత్రమే ఆగిపోవచ్చు. కెప్టెన్‌ సంతకం పెట్టాల్సిన అసలు కాగితాలు చేతికి అందాలి. ఓడ ఖర్చులకు నగదు పంపాలి. ఎవరికో రక్తపోటు మాత్రలు అయిపోతాయి. అటునుంచి ఇటు రావలసినవీ ఉంటాయి. ఇంజను ఆయిలు ఎలా ఉందో పరీక్షించడానికి ఓ చిన్న సీసాడు ఒడ్డున ఉన్న ల్యాబుకి చేరాలి. వీటిలో ఏదీ రెండు మూడు కిలోలు దాటదు. కానీ వేటికైనా పడవ కదలాల్సిందే.

పడవ ఓడ దగ్గరికి వెళ్లిందంటే పని అయిపోయినట్టు కాదు. చిన్న పొట్లమైతే పైనుంచి తాడు వేసి లాక్కుంటారు. ఏజెంటో మరొకరో పైకి వెళ్లాలంటే మాత్రం పక్కనుంచి వేలాడే తాళ్ల నిచ్చెనే గతి. తాళ్లకు చెక్కమెట్లు కట్టిన నిచ్చెన అది. తొమ్మిది మీటర్ల కన్నా ఎక్కువ ఎత్తుకు దాన్నొక్కదాన్నే వాడకూడదన్నది అంతర్జాతీయ నిబంధన. తొమ్మిది మీటర్లంటే మూడంతస్తుల మేడ. కింద పడవ అలల మీద లేచి పడుతుంటుంది, పైన ఓడ తన తీరున తాను ఊగుతుంటుంది. ఈ రెంటి మధ్యా అదను చూసుకుని మెట్టు పట్టుకోవాలి. పట్టు తప్పి పడవకూ ఓడకూ నడుమ నలిగిపోయినవాళ్లు, నీళ్లలో పడ్డవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. డాలర్ల లెక్కకన్నా ఈ లెక్కే ముఖ్యం అనిపిస్తుంది.

సింగపూర్‌లో ఏ క్షణాన చూసినా సుమారు 1,000 ఓడలు ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒడ్డు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, కాలు పెట్టడానికి మాత్రం వీలుండదు. ఓడలకు డ్రోన్లతో సరుకు పంపే ఆలోచన అక్కడ ఊపందుకోవడంలో వింతేముంది! 2019 మార్చిలో ఎయిర్‌బస్‌, విల్‌హెల్మ్‌సెన్‌ కంపెనీలు కలిసి అక్కడి మెరీనా సౌత్‌ పియర్‌ నుంచి డ్రోన్‌ను పంపాయి. కిలోన్నర బరువున్న చిన్న సామాన్లతో అది ఒకటిన్నర కిలోమీటరు దూరంలో లంగరేసిన ‘పసిఫిక్‌ సెంచూరియన్‌’ ఓడ డెక్‌ మీద దిగింది. సామాన్లు దించి మళ్లీ వెనక్కి వచ్చేసింది. రాకా పోకా కలిపితే పది నిమిషాలు. విచిత్రమేంటంటే, ఆ సామాన్లు త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసినవి. అంటే విడిభాగాన్ని అప్పటికప్పుడు ఒడ్డున అచ్చు వేసి ఓడకు ఎగరేసి పంపొచ్చన్నమాట. పడవ ఖర్చులో 90 శాతం దాకా మిగులుతుందని కంపెనీ చెప్పింది. కంపెనీలు చెప్పే శాతాల్ని ఎప్పుడూ కాస్త తగ్గించి వినాలనుకోండి, సగం మిగిలినా గొప్పే.

ఏడాది తిరిగేసరికి కరోనా వచ్చిపడింది. రేవులు మూతపడ్డాయి. ఒప్పందం ముగిసినా ఇల్లు చేరే దారిలేక 2020 చివరికి సుమారు 4 లక్షలమంది ఓడల్లోనే చిక్కుకుపోయారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అంచనా వేసింది. ఓడ ఉద్యోగుల్లో మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల కుర్రాళ్లూ ఉంటారు కాబట్టి ఆ దిగులు ఇక్కడి ఇళ్లలోనూ తెలుసు. ఒడ్డు మనిషి ఓడెక్కకూడదు, ఓడ మనిషి ఒడ్డెక్కకూడదు. సరిగ్గా ఆ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, ఎఫ్‌-డ్రోన్స్‌ అనే సింగపూర్‌ అంకుర సంస్థ ఓ ఓడకు రెండు కిలోల విటమిన్‌ మాత్రలు పంపింది. దూరం 2.7 కిలోమీటర్లు, పట్టిన సమయం ఏడు నిమిషాలు. ఆ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకరి పేరు యశ్వంత్‌ రెడ్డి. మనిషిని మనిషి ముట్టుకోకుండా సరుకు చేరడం అనే గుణం అప్పటిదాకా ఎవరి లెక్కలోనూ లేదు. ఆ ఏడాది అదే పెద్ద గుణమైంది.

సలహా అందుతుంది, మందు అందదు

మందుల మాట వచ్చింది కాబట్టి ఓ సంగతి చెప్పుకోవాలి. సరుకు ఓడల్లో డాక్టరు ఉండడు. వందమంది, అంతకు మించి మనుషులుండి మూడు రోజులు దాటి ప్రయాణం చేసే ఓడలో మాత్రమే డాక్టరు ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. పాతికమంది ఉండే ఓడలో వైద్యం చూసేది ఆ పనిలో శిక్షణ పొందిన ఆఫీసరే. మరి జ్వరం ముదిరితేనో, గుండెలో నొప్పి వస్తేనో? అందుకు రోమ్‌ నగరంలో 1935లో ఓ సంస్థ పుట్టింది. గ్విడో గ్విడా అనే డాక్టరు పెట్టాడు. రేడియోను మనకిచ్చిన మార్కోనీ దానికి తొలి అధ్యక్షుడు. నడిసముద్రం నుంచి రేడియోలో లక్షణాలు చెబితే, ఏం చేయాలో రోమ్‌ నుంచి డాక్టర్లు పైసా తీసుకోకుండా చెబుతారు.

ఇన్నేళ్లుగా సలహా గాలిలో వెళ్తూనే ఉంది. మందు మాత్రం వెళ్లలేదు. డాక్టరు చెప్పిన మందు ఓడలోని పెట్టెలో లేకపోతే, హెలికాప్టర్‌ రావాలి, లేదా ఓడే దారి మళ్లాలి. రెండూ మోయలేనంత ఖర్చు. నడిసముద్రానికి ఇప్పటి డ్రోన్లు ఎలాగూ వెళ్లలేవు. కానీ తీరానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో లంగరేసిన ఓడకు మాత్రం ఈ లోటు తీరే దారి దొరికింది.

రాకెట్లో కోడిపుంజు

సముద్రం మీదుగా గాలిలో సరుకు పంపాలన్న ఆశ డ్రోన్లతో పుట్టింది కాదు. తొంభై ఏళ్ల కిందటే మన దేశంలో ఒకాయన దీనికోసం నానా తంటాలూ పడ్డాడు. పేరు స్టీఫెన్‌ స్మిత్‌. షిల్లాంగ్‌లో పుట్టి కలకత్తాలో స్థిరపడ్డ ఆంగ్లో ఇండియన్‌. ఉత్తరాల్ని రాకెట్లో పెట్టి పంపాలన్నది ఆయన పిచ్చి. 1934 సెప్టెంబరు 30న ఓ ఓడ మీంచి హుగ్లీ ముఖద్వారంలోని సాగర్‌ దీవి వైపు తొలి రాకెట్‌ వదిలాడు. అందులో 143 ఉత్తరాలున్నాయి. రాకెట్‌ గాలిలోనే పేలిపోయింది. ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి.

దాదాపు రెండు నెలల ముందు, స్కాట్లాండ్‌లో గెర్‌హార్డ్‌ జుకర్‌ అనే జర్మన్‌ కూడా ఇదే పని చేశాడు. స్కార్ప్‌ అనే చిన్న దీవి నుంచి పక్కనున్న హారిస్‌ దీవికి ఉత్తరాల రాకెట్‌ వదిలితే అది అక్కడికక్కడే పేలి, కాలిన కాగితాలు చుట్టూ రాలాయి. కొద్దిరోజులకే రెండోసారి ప్రయత్నించాడు. మళ్లీ అంతే. జుకర్‌ అక్కడితో ఆ దీవిని వదిలేశాడుగానీ స్మిత్‌ పట్టు వదల్లేదు. బియ్యం, దినుసులు పంపి చూశాడు. 1935లో ఓ కోడిపుంజునూ పెట్టనూ రాకెట్లో కూర్చోబెట్టి దామోదర్‌ నదిని దాటించాడు. రెండూ బతికే ఉన్నాయి! పదేళ్లలో ఆయన వదిలిన రాకెట్లు 270 దాకా ఉంటాయి. 1992లో మన తపాలా శాఖ ఆయన పేరిట ఓ స్టాంపు కూడా వేసింది.

స్మిత్‌ రాకెట్‌ చేయలేనిదీ, నేటి డ్రోన్‌ చేయగలిగేదీ ఒకటే... తానెక్కడుందో తెలుసుకోవడం. రాకెట్‌ను గురిచూసి వదలాలి, తర్వాత దైవాధీనం. డ్రోన్‌ అలా కాదు. ఉపగ్రహాల సాయంతో క్షణక్షణం తన చోటు తాను చూసుకుంటుంది. గాలి పక్కకు తోస్తే ఒళ్లు వంచి నిలదొక్కుకుంటుంది. దారి తప్పితే మళ్లీ దారిలోకి వస్తుంది. బ్యాటరీ అయిపోతోందనుకుంటే వెనక్కి తిరుగుతుంది.

దీవులవాళ్ల దిగులు

ఓడలకైతే ఇది ఖర్చు గొడవ. దీవుల్లో బతికేవాళ్లకు కాలంతో గొడవ. జర్మనీకి ఉత్తరాన జుయిస్ట్‌ అనే దీవి ఉంది. అక్కడ కార్లు తిరగవు, గుర్రబ్బండ్లే. ఆ దీవికి వెళ్లే పడవ ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది గడియారం కాదు, సముద్రపు పోటు. నీళ్లు తగ్గితే పడవ కదలదు. 2014 సెప్టెంబరులో డీహెచ్‌ఎల్‌ కొరియర్‌ కంపెనీ అవతలి ఒడ్డునున్న నార్డైక్‌ నుంచి ఆ దీవికి డ్రోన్‌తో మందులు పంపడం మొదలుపెట్టింది. 12 కిలోమీటర్ల దారి. 1.2 కిలోల పొట్లం. 50 మీటర్ల ఎత్తున ఎగిరేది. పడవా విమానమూ లేని వేళల్లో దీవిలోని మందుల షాపుకి కావలసినవి దానిమీదే వచ్చేవి. గుర్రబ్బండ్లు తిరిగే ఊళ్లో ఆకాశం నుంచి మందులు దిగడం చూడముచ్చటగానే ఉండి ఉంటుంది.

ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం వనువాటు కథ. పసిఫిక్‌లో 83 దీవుల దేశమది. ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 1,300 కిలోమీటర్లు. మనుషులుండే దీవుల్లో మూడో వంతుకే విమానాలు దిగే చోటూ, సరైన రోడ్లూ ఉన్నాయి. టీకా మందును ఎప్పుడూ చల్లగా ఉంచాలి. ఐసు పెట్టెను నెత్తిన పెట్టుకుని నర్సులు కొండలెక్కాలి, వాగులు దాటాలి, చిన్న పడవల్లో సముద్రంలోకి దిగాలి. ఆలోపు ఐసు కరిగితే మోసిన శ్రమంతా వృథా. 2018 నాటికి అయిదుగురు పిల్లల్లో ఒకరికి అందాల్సిన టీకాలు అందలేదంటే అదీ ఓ కారణం.

ఎర్రోమాంగో దీవిలో ఓ పక్క డిల్లన్స్‌ బే, మరో పక్క కుక్స్‌ బే. 2018లో కుక్స్‌ బేలో ఆరోగ్య కేంద్రం లేదు, కరెంటు లేదు. కాలినడకన వెళ్లాల్సి వచ్చేది, లేదా చిన్న పడవలో. 2018 డిసెంబరులో ఓ ఆస్ట్రేలియా కంపెనీ డ్రోన్‌ ఐసు ప్యాకుల మధ్య టీకాలు పెట్టుకుని 40 కిలోమీటర్ల కొండదారిని పాతిక నిమిషాల్లో దాటి అక్కడ దిగింది. ఆ రోజు 13 మంది పిల్లలకు, అయిదుగురు గర్భిణులకు టీకాలు వేశారు. వాళ్లలో మొదటిది నెల వయసున్న పసిపాప. మామూలు వ్యాపార ఒప్పందం కింద డ్రోన్‌ తెచ్చిన టీకా వేయించుకున్న తొలి బిడ్డ ప్రపంచంలో ఆమేనని యునిసెఫ్‌ ప్రకటించింది.

వ్యాపార ఒప్పందం అన్నమాటలోనే కిటుకంతా ఉంది. అంతకుముందే జరిగిన పరీక్షలో దీవుల మీదుగా 50 కిలోమీటర్లు ఎగిరి, రెండు మీటర్ల గీతలోపల దిగి చూపించాకే కంపెనీకి పని దక్కింది. అదీ సరుకు చేరితేనే డబ్బు అన్న షరతు మీద. పరికరం కొని మూల పడేసే ప్రభుత్వాలన్నీ నేర్చుకోదగ్గ పద్ధతి ఇది. డ్రోన్‌ కొనలేదు, చేరిన టీకాను కొన్నారు.

ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు నడుమ ఉకెరెవె అనే దీవి ఉంది. 2018లో అక్కడా ఆరు నెలలు మందులు మోసి చూశారు. రోడ్డు మీద 240 కిలోమీటర్లు, ఆరు గంటలు పట్టే ప్రయాణం, నీటి మీదుగా 60 కిలోమీటర్లు, 40 నిమిషాలైంది. మన దేశంలో ఇలాంటిదే మణిపూర్‌లో జరిగింది. 2021 అక్టోబరు 4న భారత వైద్య పరిశోధన మండలి బిష్ణుపూర్‌ ఆసుపత్రి నుంచి లోక్‌తక్‌ సరస్సులోని కరాంగ్‌ దీవికి కరోనా టీకాలు పంపింది. గాలిలో 15 కిలోమీటర్లు, పావుగంట లోపే.

ఇంత బాగుంటే అంతటా లేవేం?

అడగాల్సిన ప్రశ్నే. పైన చెప్పినవాటిలో చాలా భాగం ప్రయోగాలే. రిబ్బన్‌ కత్తిరించారు, ఫొటోలు దిగారు, ఆరు నెలలకు డబ్బు అయిపోయింది, డ్రోన్‌ పెట్టెలోకి వెళ్లిపోయింది. జుయిస్ట్‌కి మందులు మోసిన డీహెచ్‌ఎల్‌ కూడా 2021లో ఆ డ్రోన్‌ తయారీని ఆపేసింది.

మొదటి చిక్కు బ్యాటరీ. కిలో పెట్రోలులో ఉన్న శక్తిలో దాదాపు యాభయ్యో వంతే కిలో లిథియం బ్యాటరీలో ఉంటుంది. నాలుగు రెక్కలు గిర్రున తిప్పుతూ గాలిలో నిలబడే డ్రోన్‌కి ఆ శక్తంతా తన బరువు మోసుకోవడానికే సరిపోతుంది. అందుకే దూరం వెళ్లేవాటికి విమానంలా చాచిన రెక్కలు పెడతారు. నిట్టనిలువుగా లేచి, పైకెళ్లాక విమానంలా సాగిపోతాయి. ఇక సముద్రం. ఉప్పుగాలి మోటార్లను తినేస్తుంది. ఒడ్డున గాలి ఒకలా ఉంటే నీటి మీద మరోలా ఉంటుంది.

ఓడ మీద దిగడం మరీ కష్టం. డెక్‌ ఊగుతుంటుంది. చుట్టూ క్రేన్లు, తీగలు, యాంటెన్నాలు. పైగా ఓడంతా ఉక్కు. దాని పక్కకు రాగానే డ్రోన్‌లోని దిక్సూచి తికమకపడుతుంది. అందుకే చాలామంది దిగడం మానేసి, పైనే నిలబడి తాడుతో పొట్లాన్ని దించే పద్ధతికి మొగ్గుతున్నారు. మన ఇళ్లలో మేడ మీంచి తాడుకు బుట్ట కట్టి కూరగాయలు లాక్కున్నట్టే, కాకపోతే తలకిందులుగా!

మరి పడవలవాళ్ల మాటేమిటి? రేవుల్లో ఓడలకు సామాన్లు చేరవేస్తూ బతికే పడవల వాళ్లు వేలల్లో ఉంటారు. డ్రోన్‌ వాళ్ల పొట్ట కొడుతుందన్న భయం ఉత్తదేం కాదు. అయితే కూరగాయలు, మంచినీళ్లు, నూనె డ్రమ్ములు, ఇంటికెళ్లే సిబ్బంది... ఇవన్నీ పడవలోనే పోవాలి. చేజారేది కవర్ల బేరం. అందులోనే లాభం ఎక్కువన్నది వాళ్ల బాధ, అదీ నిజమే. దీవుల్లో మాత్రం కథ వేరేలా నడిచింది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో 2023 ఆగస్టులో బ్రిటన్‌ తపాలా సంస్థ రోజువారీ డ్రోన్‌ టపా మొదలుపెట్టింది. స్ట్రోమ్‌నెస్‌ నుంచి గ్రేమ్‌సే, హోయ్‌ దీవులకు ఆరు కిలోల దాకా ఉత్తరాలు, పార్సిళ్లు డ్రోన్‌లో వచ్చేవి. వాటిని అందుకుని ఇంటింటికీ పంచింది ఆ దీవుల పోస్ట్‌మ్యాన్‌లే. గాలివానకు పడవ ఆగిపోతే టపా ఆగిపోవడమనే బెడద తగ్గించడమే అక్కడ ఉద్దేశం. ఈ దీవులు దగ్గర దగ్గరగా ఉండటం వల్లే అది సాధ్యపడింది.

మన తీరం సంగతి

మన దేశంలో 2014 అక్టోబరు నుంచి కొన్నేళ్లపాటు మామూలు జనం డ్రోన్లు ఎగరేయడమే నిషేధం. 2021 ఆగస్టు 25న కొత్త నిబంధనలొచ్చాక తలుపు తెరుచుకుంది. ఆ మరుసటి నెలే తెలంగాణలోని వికారాబాద్‌లో ‘మెడిసిన్‌ ఫ్రమ్‌ ద స్కై’ పేరిట మందులు ఎగరేశారు. 2024 అక్టోబరు 29న దేశంలో 11 వైద్య సంస్థలకు డ్రోన్‌ సేవలు ప్రారంభిస్తే వాటిలో మంగళగిరి, బీబీనగర్‌ ఎయిమ్స్‌లు రెండూ ఉన్నాయి. తీరం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకో ఇబ్బంది. నౌకాదళ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల లోపు డ్రోన్‌ ఎగరకూడదు. తూర్పు నౌకాదళం కొలువున్న విశాఖలో, రేవు బయట లంగరేసిన ఓడకు బిస్కెట్ల డబ్బా పంపడం అంత తేలిక కాదు. దేశ భద్రత విషయం కాబట్టి కాదనడానికీ లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్‌ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు డ్రోన్‌ విలువ, దాని హద్దు రెండూ ఒకేసారి తెలిశాయి. ఇరుకు సందుల్లోకి పడవలు వెళ్లలేకపోయాయి. మేడల మీద నిలబడ్డవాళ్లకు డ్రోన్లతో పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు దించారు. ఒక్కోటి మోసేది ఎనిమిది పది కిలోలు. ఒక ఇంటికి సరిపోతుంది, ఒక వీధికి చాలదు. లక్షలమందికి అన్నం పెట్టాలంటే పడవలూ ట్రాక్టర్లూ హెలికాప్టర్లూ కావాల్సిందే.

డ్రోన్‌కి తగిన బరువు అన్నం కాదు. తక్కువ తూగి, ఆలస్యమైతే ప్రాణం తీసేది ఏదైనా ఉంటే దానికది సరిజోడు. కృష్ణానది సముద్రంలో కలిసే చోట, నాగాయలంక మండలంలో ఈలచెట్లదిబ్బ అనే ఊరుంది. చుట్టూ నీళ్లు. ఆసుపత్రి ముఖం చూడాలంటే పడవ దాటాలి. చీకటి పడ్డాకా, గాలి లేచాకా పడవ నడపడం ప్రాణంతో చెలగాటం. ఆ దివిసీమ పాములకు పెట్టింది పేరు. 2018 వానాకాలంలో పాముకాటు బాధితులతో అవనిగడ్డ ఆసుపత్రి కిటకిటలాడింది. విషపు పాము కరిచిన మనిషికి మొదట ఎక్కించేది ఎనిమిది నుంచి పది సీసాల విరుగుడు మందు. పొడి రూపంలో వచ్చేదానికి ఐసు పెట్టె కూడా అక్కర్లేదు. మందు చేరినా, ఎక్కించేటప్పుడు ఒళ్లు తిరగబడితే చూసుకోవడానికి దగ్గర నేర్పున్న నర్సో డాక్టరో ఉండాలి, అది వేరే ఏర్పాటు. మందు సంగతంటారా... పది సీసాలూ కలిపితే కిలో కూడా తూగవు.